హాలుకూ బల్లకూ నడుమ

నేను ఒక ఇనుప పెట్టెను. రెండు లావుపాటి నిఘంటువులను పక్కపక్కన పడుకోబెడితే ఎంత ఉంటాయో అంత ఉంటాను. బూడిదరంగు ఒళ్లు, ముందు మూడు పచ్చ దీపాలు, వెనక వరసగా తీగలు గుచ్చే కన్నాలు. నన్ను గేట్‌వే అంటారు. పేరు వినగానే ఎవరికీ ఏమీ అర్థం కాదు కాబట్టి నా పనేమిటో ముందు చెప్పేస్తాను.

నేను పనిచేసిన రోజుల్లో వీడియో మీటింగు అంటే ఒక పెద్ద హాలు, గోడకు తెర, తెర మీద అటూ ఇటూ మెడ తిప్పే కెమెరా. ఆ హాలు యంత్రం మరో ఊళ్లో ఉన్న తన సాటి హాలు యంత్రంతో మాత్రమే మాట్లాడేది. ఉద్యోగుల బల్లల మీద ఉండే కంప్యూటర్లకు కూడా బొమ్మలూ మాటలూ పంపడం వచ్చు. కాని వాటి భాష వేరు. ఒకే కప్పు కింద, పక్కపక్క గదుల్లో ఉండి కూడా ఒకదాని గోడు ఒకదానికి తెలిసేది కాదు. ఆ ఇద్దరి నడుమ కూర్చుని దీని మాట దానికి, దాని మాట దీనికి విప్పి చెప్పడమే నా ఉద్యోగం.

సముద్రాల అవతల ఒక కర్మాగారంలో, నీలం టోపీ పెట్టుకున్న ఒకామె నాకు చివరి మర బిగించి, మూత వేసి, అరచేత్తో ఒకసారి తట్టి పంపింది. మొదట నన్ను తెప్పించుకున్నది హైదరాబాదులో కాలువలకు నక్షాలు గీసే ఒక సలహాల కంపెనీ. అక్కడ రెండేళ్లున్నాను. మూడో అంతస్తు మేనేజరు నాలుగో అంతస్తు హాల్లో జరిగే మీటింగులో తన బల్ల దగ్గర నుంచే పాల్గొనేవాడు. ఒక్క అంతస్తు మెట్లు ఎక్కకుండా ఉండడానికి మనిషి సముద్రాలు దాటించి యంత్రాన్ని తెప్పించుకుంటాడని అక్కడే తెలుసుకున్నాను.

వాళ్ల ప్రాజెక్టు ముగిశాక సామానంతా గోదావరి డెల్టాలోని ఒక నీటిపారుదల కార్యాలయానికి అప్పగించారు. ఊరి పేరు చెప్పను. అప్పటి వాళ్లు కొందరు ఇంకా ఉద్యోగాల్లో ఉన్నారు. అక్కడి స్టోరు గుమాస్తా నన్ను నాలుగు వైపులా తిప్పి చూసి, రిజిస్టరులో ‘స్టెబిలైజరు వంటిది, ఒకటి’ అని రాసుకున్నాడు. ఎనిమిది నెలలు పాత ఫైళ్ల కట్టల కింద ఉన్నాను.

నన్ను పైకి తీసింది జరీనా. కంప్యూటర్లు చూసుకోవడానికి కాంట్రాక్టు మీద చేరిన అమ్మాయి. సామర్లకోట నుంచి రోజూ రైల్లో వచ్చేది. ఫైళ్ల కట్టలు ఒక్కొక్కటీ పక్కన పెట్టి, చున్నీ కొంగుతో నా మీది దుమ్ము తుడిచి, వెనక అంటించిన చీటీ చదివి, “అయ్యబాబోయ్, దీన్ని పట్టుకుని స్టెబిలైజరంటారేంటండీ!” అని గట్టిగా నవ్వింది. ఆ మధ్యాహ్నమే నన్ను మీటింగు హాలు మూలనున్న బీరువా మీదికి ఎక్కించింది.

ఆ హాల్లో ప్రతి మంగళవారం హైదరాబాదులోని చీఫ్ ఇంజనీరు గారితో, అంటే సీఈ గారితో, మీటింగు. మా కార్యాలయానికి పెద్ద అయిన ఈఈ త్రినాథరావు గారు, ఆయన కింది ఇంజనీర్లు బల్ల చుట్టూ కూర్చునేవారు. నక్షాల చుట్టలు చంకలో పెట్టుకుని ఒక మనిషి గోడ పక్కన నిలబడేవాడు. ఎవరైనా వేలు చూపిస్తే ఆ చుట్ట విప్పి పరిచేవాడు. మళ్లీ చుట్టి గోడ దగ్గరికి వెళ్లేవాడు. ఆయనే నాగభూషణం, డ్రాఫ్ట్స్‌మన్. ఇరవయ్యెనిమిదేళ్ల సర్వీసు. నాలుగేళ్ల పసివాడప్పుడు జ్వరం వచ్చి రెండు చెవులూ పోయాయి. మాట కూడా అక్కడే ఆగిపోయింది.

ఆయన గీత అంటే ఆ కార్యాలయంలో అందరికీ గౌరవమే. పెన్నుతో గీసినా, తర్వాత పట్టుబట్టి నేర్చుకుని కంప్యూటర్లో గీసినా, నీటి గీత నీటి గీతలాగే ఉండేది. పని చెప్పాలంటే చీటీ రాసి ఇచ్చేవారు. ఆయన చీటీ మీదే జవాబు రాసేవాడు. అయితే చీటీల మీద పని నడుస్తుంది గాని మీటింగు నడవదు. అందుకని ఆయనకు ఎవరూ కుర్చీ వేయలేదు. వేయకూడదని ఎవరూ అనుకోలేదు. ఎవరికీ తట్టలేదు, అంతే.

జరీనా నన్ను మొదటిసారి కలిపింది ఆయన కంప్యూటరుతోనే. కార్యాలయంలో మంచి కంప్యూటరు అదొక్కటే. హాల్లో ఆమె, వెనక గదిలో ఆయన. తెర మీద ఆయన మొహం కనపడగానే ఎగిరి గంతేసింది. రెండు రోజులు పరీక్షలు చేసి, అంతా సవ్యంగా ఉందని కాగితం మీద రాసుకుంది. మూడో రోజు టైపిస్టు ఒకామె వచ్చి ఆయన కుర్చీలో కూర్చుని, “ఏవండీ, నోరు కదుల్తోంది గానీ మాట రావట్లేదండి” అంది. రెండు రోజులుగా నేను ఒక్క శబ్దం కూడా మోయలేదు. సంగతి తెలిసి నాగభూషణం కడుపు పట్టుకుని నవ్వాడు. జరీనా తల కొట్టుకుంది. ఆ రోజు నుంచి వాళ్లిద్దరూ స్నేహితులు.

ఒక మధ్యాహ్నం ఆయన తన కంప్యూటరు ముందు కూర్చుని, కెమెరా వైపు చూస్తూ చేతులతో ఏదో చెప్పాడు. హాల్లో జరీనాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. పరిగెత్తుకుని వెళ్లింది. ఆయన చీటీ రాసి ఇచ్చాడు: ‘కాకినాడలో మా చెవిటిపిల్లల బడి ఉంది. నాతో చదివినవాడి కూతురు సలోమి అక్కడే టీచరు. వాళ్ల అమ్మా నాన్నా ఇద్దరూ నాలాంటివాళ్లే. ఆమెకు చెవులున్నాయి, మా చేతులూ ఉన్నాయి. ఆ బడిలో కంప్యూటర్లున్నాయి. ఆమెను ఈ హాలుకు కలపగలవా?’

“ఎందుకండీ?” అని రాసింది జరీనా.

ఆయన బల్ల సొరుగు లాగి ఒక ట్రేసింగు తీసి పరిచాడు. పసుపుపచ్చగా మారిన పల్చటి కాగితం మీద పాత నక్షా.

సంగతి ఇదీ. ఆ వేసవిలో కాలువలకు నీళ్లు ఆపేశాక, నూకాలపేట దగ్గర గట్టు వెంబడి ఒక కొత్త మురుగు కాలువ తవ్వాలని ప్రతిపాదన. పైనుంచి సర్వే చేసి గీసిన కొత్త నక్షాలో అక్కడ ఏమీ లేదు. కాని నాగభూషణం ఉద్యోగంలో చేరిన కొత్తలో గీసిన ట్రేసింగులో, సరిగ్గా అక్కడ, పెద్ద కాలువ అడుగు నుంచి అవతలికి పోయే ఒక పాత ఇటుక సొరంగం ఉంది. పొలాల మురుగు పోవడానికి ఎప్పుడో కట్టింది. రెండు మూతులూ పూడిపోయి అందరూ మర్చిపోయారు. యంత్రాలు పెట్టి దాని పక్కన తవ్వితే ఆ ఇటుక కదులుతుంది. అప్పటికి ఏమీ జరగదు. జూన్‌లో కాలువకు నీళ్లు వదిలాక గట్టు అక్కడ తెగుతుంది. గట్టు కింద నూకాలపేట, రెండు వందల గడప.

ఆయన ఈ సంగతి నోటు రాసి రెండుసార్లు ఫైల్లో పెట్టాడు. రెండుసార్లూ నోటు మీద ‘చూడడమైనది’ అన్న మాట, కింద సంతకం తిరిగొచ్చాయి. వచ్చే మంగళవారం పని మంజూరు చేస్తారు.

జరీనా ఆ ట్రేసింగు పట్టుకుని ఈఈ గారి గదిలోకి వెళ్లింది. నేనున్న బీరువాకూ ఆ గదికీ మధ్య చెక్క తడికే గోడ. అంతా వినపడింది.

“సీఈ గారి ముందు ఇవన్నీ పెడితే ఏం బాగుంటదమ్మా? సర్వే అయిపోయింది, డిజైనైపోయింది” అన్నాడు త్రినాథరావు గారు.

“ఆయన నోటు రెండుసార్లు పెట్టేరండి సార్. రెండుసార్లూ చూడడమైనది అనొచ్చింది. చూసింది తమరే కదండీ?”

ఆయన చెడ్డవాడు కాడు. రోజుకు నలభై ఫైళ్ల మీద సంతకం పెట్టే మనిషి నలభై ఫైళ్లూ చదవడని అక్కడ అందరికీ తెలుసు, ఆయనకూ తెలుసు.

“ఐదు నిమిషాలు. అన్నీ అయిపోయేక, చివర్న” అన్నాడు.

మంగళవారం పదకొండు గంటలకు మీటింగు మొదలైంది. పన్నెండున్నరకు నాగభూషణం వంతు వచ్చింది. త్రినాథరావు గారు తన పక్క కుర్చీ వెనక్కి లాగి చేత్తో చూపించాడు. నాగభూషణం ఒకసారి ఆ కుర్చీనీ, ఒకసారి గోడనీ చూసి, వచ్చి కూర్చున్నాడు. తెల్ల చొక్కా మడతలు ఇంకా పోలేదు. ఆ రోజు కోసమే కొన్నట్టున్నాడు.

జరీనా కాకినాడ బడిని కలిపింది. తెర మీద ఒక పక్క హైదరాబాదులో సీఈ గారు, రెండో పక్క బడి కంప్యూటరు ముందు సలోమి టీచరు. ఆమె నల్ల జాకెట్టు వేసుకుని, ఉంగరాలూ గాజులూ తీసి కూర్చుంది, చేతులు స్పష్టంగా కనపడాలని.

నాగభూషణం చేతులు ఎత్తాడు.

అప్పుడు తెలిసింది నా చేతకానితనం. మాకు నేర్పిన పద్ధతి ఒకటుంది. తీగలో జోరు తగ్గితే బొమ్మను తగ్గించాలి, మాటను కాపాడాలి. హాయిగా మాట్లాడుకునేవాళ్లకు అది మంచి పద్ధతే. ఆ రోజు తీగ మీద మూడు చోట్ల బరువు పడేసరికి నేను ఆ పద్ధతే పాటించాను. ఆయన చేతులు సలోమి తెర మీద ముద్దయిపోయాయి. ఒక వేలు మరో వేలులో కలిసిపోయింది.

“జరీనా గారూ, బాబాయ్ చేతులు నాకు అందట్లేదండి” అంది సలోమి. “ఇటుక అన్నారో, పెట్టె అన్నారో తెలీట్లేదు. తప్పు చెప్పేస్తానేమోనని భయంగా ఉంది.”

హాల్లో ఎవరో గొంతు సవరించుకున్నారు. సీఈ గారు చేతి గడియారం చూసుకున్నారు. నాగభూషణం చేతులు గాలిలోనే ఆగిపోయాయి. అందరి మొహాలూ ఒకదాని తర్వాత ఒకటి చూస్తున్నాడు. మొహాలు చదవడంలో ఆయన్ని మించినవాడు ఆ జిల్లాలో లేడు. చేతులు మెల్లగా కిందికి దిగడం మొదలుపెట్టాయి.

జరీనా నేనున్న బీరువా పక్కన మోకాళ్ల మీద కూర్చుని, తన కంప్యూటరు నుంచి నా లోపలి లెక్కలన్నీ తిరగేస్తోంది. లేచి నిలబడి తెర వైపు తిరిగింది.

“సార్, నమస్తే సార్. నేను ఇక్కడ సిస్టమ్స్ చూస్తానండి. తమ బొమ్మ కాసేపు ఆపెయ్యాలండి. తమరి మాట వినపడుతూనే ఉంటది. ఆ జాగా ఆ టీచర్ గారికీ ఈయనకీ ఇస్తే చేతులు కనపడతాయండి.”

త్రినాథరావు గారి మొహం తెల్లబోయింది. చీఫ్ ఇంజనీరు గారి మొహాన్నే ఆపేస్తానంటోంది, కాంట్రాక్టు మీద చేరిన పిల్ల.

తెర మీద పెద్దాయన కళ్లజోడు తీశారు. “నా మొహం చూస్తే కాలవలు తవ్వుకుంటాయామ్మా? ఆపెయ్యి” అన్నారు.

ఆపేసింది. అంతటితో ఊరుకోక, బొమ్మే ముందు, మిగతాది తర్వాత అని నా పద్ధతి తలకిందులు చేసింది. నేను సర్దుకోవడానికి రెండు మూడు క్షణాలు పట్టింది. తర్వాత సలోమి వేళ్లు ఒక్కొక్కటిగా విడివిడిగా వచ్చాయి. ఆమె నవ్వి, ‘చెప్పు బాబాయ్’ అని సైగ చేసిందట. ఆ సైగ అర్థం ఆ తర్వాత జరీనా నేర్చుకుంటున్నప్పుడు నాకు తెలిసింది.

నాగభూషణం చెప్పాడు. ఆయన చేతుల్లో కాలువ ప్రవహించింది, గట్టు లేచింది, గట్టు కింద ఇటుక కమాను వంగింది. సలోమి గొంతు వెంట వెంటనే మాటలు అందుకుంది. ఐదు నిమిషాలు దాటాయి. ఎవరూ గడియారం చూడలేదు.

అంతా విని సీఈ గారి గొంతు అడిగింది: “సరే. కాని ఒక్క పాత ట్రేసింగు తప్ప ఆధారం ఏముంది? అప్పటి కాగితాల్లో తప్పులు ఉండొచ్చు కదా?”

సలోమి చేతులు ఆ ప్రశ్నను ఆయనకు అందించాయి. ఆయన కుర్చీలోంచి లేచి, చెప్పు విడిచి, అరికాలు నేల మీద ఆనించి చూపించి, మళ్లీ చేతులు కదిపాడు.

సలోమి మాట అందుకుంది. “బాబాయ్ అంటున్నారండీ: ‘ఆ ట్రేసింగు గీసేటప్పుడు నేను సొరంగంలోకి దిగి టేపు పట్టుకున్నాను. నీళ్లు పోతుంటే ఇటుక అదిరేది. ఆ అదురు నా కాళ్లకు గుర్తుంది. పోయిన ఆదివారం వెళ్లి గట్టు మీద చెప్పుల్లేకుండా నిలబడ్డాను. నాతో వచ్చిన కాలువ కాపలా లస్కరుకి ఏమీ తెలియలేదు. నాకు తెలిసింది. మూతులు పూడినా లోపల నీళ్లు ఇంకా నడుస్తున్నాయి.’ నన్ను నమ్మమని అడగట్లేదు అంటున్నారు. ‘అక్కడ ఒక్క గొయ్యి తవ్వించండి. యంత్రం వద్దు, పారలతో. ఏడడుగుల్లో ఇటుక తగుల్తుంది.’”

హాల్లో అందరూ నల్లగా ఉన్న తెర సగం వైపు చూస్తున్నారు.

“త్రినాథరావ్ గారూ,” అంది ఆ నల్ల తెర, “మంజూరు ఆపండి. గొయ్యి తవ్వించండి.”

తరవాతి మంగళవారం ఫోటోలు వచ్చాయి. గోతిలో, తడి మట్టి కింద, చక్కగా పేర్చిన ఎర్ర ఇటుక కమాను. ఆరున్నర అడుగుల్లో తగిలింది. కొత్త మురుగు కాలువను దూరంగా జరిపి మళ్లీ గీయమన్నారు. సొరంగాన్ని ఆ వేసవిలోనే పూడ్చి, గట్టును బాగుచేశారు. జూన్‌లో నీళ్లు వచ్చాయి. నూకాలపేటలో ఏమీ జరగలేదు. ఏమీ జరగలేదు కాబట్టి ఏ పేపర్లోనూ రాయలేదు. మీటింగు వివరాల కాగితంలో కూడా ‘డ్రాయింగు విభాగం సూచన మేరకు’ అని మాత్రమే ఉంది. ఆ వాక్యం చూసి జరీనా మండిపడింది. నాగభూషణం మాత్రం వేరే సంగతికి నొచ్చుకున్నాడు. ఆమెకు చీటీ రాశాడు: ‘అర అడుగు తప్పాను.’

ఆ తర్వాత ఆయన ప్రతి మంగళవారం కుర్చీలో కూర్చున్నాడు. కాకినాడ నుంచి సలోమి, ఆమెకు వీలు కానప్పుడు మరో టీచరు, బల్ల కంప్యూటరు ముందు కూర్చుని హాలులోకి వచ్చేవారు. మూడు నాలుగు వారాలు ఆయన ఎంతో శ్రద్ధగా ప్రతి మాటనూ అందుకున్నాడు. ఐదో వారం, సిమెంటు బస్తాలు ఏ గోడౌనులో పెట్టాలన్నదాని మీద గంటంపావు వాదన జరిగింది. మధ్యలో ఆయన జరీనాకు చీటీ పంపాడు: ‘ఇరవయ్యెనిమిదేళ్లు గోడ దగ్గర నిలబడి, వీళ్లు ఏవో గొప్ప సంగతులు మాట్లాడుకుంటున్నారని అనుకున్నాను. ఇదా?’ జరీనా నవ్వు ఆపుకోలేక బయటికి పోయింది. ఆ రోజంతా నేను మోసినదాంట్లో దాచుకోదగ్గది ఆ ఒక్క నవ్వే.

మనుషుల మాటలు ఏళ్ల తరబడి మోశాను కాబట్టి చెబుతున్నాను. వాళ్లకు చెవులున్నాయి గాని, వినడం వాళ్లకు అంత అలవాటు లేదు. అయితే ఒకసారి వినడం మొదలుపెడితే ముచ్చటగా వింటారు. త్రినాథరావు గారు మొదట నాగభూషణం సైగ చేస్తుంటే కిందికి చూసేవాడు. ఆరు నెలలకు సలోమి చెప్పకముందే తల ఊపడం మొదలుపెట్టాడు. సగం సార్లు తప్పుగా ఊపేవాడు.

నాగభూషణం రిటైరైన రోజు వీడ్కోలు ఆ హాల్లోనే పెట్టారు. పూలదండ, శాలువా, పెద్దల ప్రసంగాలు. అంతకు ముందు ఏడాదే రిటైరైన త్రినాథరావు గారు కూడా వచ్చాడు. తెర మీద కాకినాడ బడి, సలోమి వెనక నలభై మంది పిల్లలు. ప్రసంగాలు అయ్యాక హాల్లో చప్పట్లు కొట్టబోతుంటే జరీనా చెయ్యి అడ్డం పెట్టింది. తెర మీద పిల్లలందరూ రెండేసి చేతులు పైకెత్తి, అరచేతులు చకచకా తిప్పారు. వాళ్ల చప్పట్లు అవే. హాల్లో వాళ్లు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని, తామూ చేతులెత్తి తిప్పారు. ఇంజనీర్లు, గుమాస్తాలు, టీలిచ్చే అప్పలకొండ, అందరూ. నాలోంచి అప్పుడు ఒక్క శబ్దం పోలేదు. నాగభూషణం శాలువాతో కళ్లు తుడుచుకున్నాడు.

మరుసటేడు హాలుకు కొత్త యంత్రం వచ్చింది. దానికి ఎవరితోనైనా, ఏ ఫోనుతోనైనా సరే, నేరుగా మాట్లాడడం వచ్చు. నడుమ ఎవరూ అక్కర్లేదు. జరీనాకు విశాఖలో పర్మనెంటు ఉద్యోగం దొరికింది. వెళ్లేముందు నా తీగలు తనే ఊడదీసి, చుట్టచుట్టి, రబ్బరు బ్యాండు వేసి నా పక్కన పెట్టింది. ఇప్పుడు వరండాకు ఆనుకున్న స్టోరులో, తలుపు పక్క అరలో ఉన్నాను. పారేయవలసిన సామాను జాబితాలో నా నంబరు పధ్నాలుగు. ఈసారి గేట్‌వే అని సరిగానే రాశారు.

మొన్న నవంబరులో, పెన్షన్‌దారులు బతికే ఉన్నామని సంతకం పెట్టడానికి వచ్చే రోజుల్లో, వరండా బెంచీ మీద ఇద్దరు ముసలివాళ్లు కూర్చున్నారు. ఒకరు నాగభూషణం. జుట్టు పూర్తిగా నెరిసింది. రెండోవారు త్రినాథరావు గారు. కళ్లు సరిగా ఆనడం లేదేమో, మొహం ముందుకు పెట్టి చూస్తున్నాడు. ఇద్దరి చేతులూ కదులుతున్నాయి. త్రినాథరావు గారి చేతులు గోడకు సున్నం వేస్తున్నట్టున్నాయి. మనవరాలి పెళ్లి గురించి ఏదో చెప్పబోయి ఇంకేదో చెప్పాడు కాబోలు, నాగభూషణం ఒళ్లంతా ఊగేలా నవ్వాడు.

“ఏంటి, తప్పు చేసేనా?” అన్నాడు త్రినాథరావు గారు నోటితో, అలవాటుగా.

నాగభూషణం ఆయన చెయ్యి తన ఒళ్లోకి తీసుకుని, చూపుడు వేలు ముందుకు లాగి, బొటనవేలు కొంచెం లోపలికి వంచి పట్టుకున్నాడు. అలా కాదు, ఇలా. మళ్లీ చేయమన్నాడు. ఆయన చేశాడు. మూడోసారికి కుదిరింది. ఇద్దరూ లేచి, మెట్ల దగ్గర ఒకరి భుజం ఒకరు పట్టుకుని, టీ తాగడానికి వెళ్లారు.